మార్చిలో పని అయిపోయింది, బిల్లు ఏప్రిల్‌లో ఇచ్చాం: ఆదాయం ఏ ఏడాదిది?

ఆటోనగర్ వెల్డింగ్ | జూన్ 7, 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. వ్యాపారం నా పేరు మీదే. 24 మంది పనివాళ్లు. ఒక పెద్ద ప్లాంటులో షట్‌డౌన్ పనులు, స్ట్రక్చరల్ రిపేర్లు చేస్తాం. 2024-25లో టర్నోవర్ 3 కోట్ల 21 లక్షలు. కూలీలకి వారం వారం నగదు ఇస్తాం కాబట్టి ఆడిట్ తప్పదన్నారు.

చిక్కు ఒక పని దగ్గర వచ్చింది. ఫిబ్రవరి 12న మొదలుపెట్టి మార్చి 22న పూర్తి చేశాం. మార్చి 27న వాళ్ల ఇంజినీరు, నేను కలిసి కొలతలు తీసి, కొలతల పుస్తకమైన ఎం.బుక్‌లో సంతకాలు పెట్టాం. ఆఫీసులో కాగితాలు తిరిగి తిరిగి, బిల్లు ఇవ్వమనేసరికి ఏప్రిల్ 9 అయింది. జీఎస్‌టీ కాకుండా 18,40,000. డబ్బు మే 20న పడింది. అందులోనూ 10 శాతం, అంటే 1,84,000 రిటెన్షన్ కింద ఆపేశారు, ఏడాది తర్వాత ఇస్తారు. ఇది కాక ఎక్‌స్ట్రా పని 2,60,000 ఉంది. అది ఇంకా ఒప్పుకోలేదు.

మా అకౌంటెంట్ కుర్రాడు "బిల్లు ఏప్రిల్‌ది, డబ్బు మేలో వచ్చింది, వచ్చే ఏడాదిలో వేసేద్దాం సార్" అన్నాడు. సరే అనుకున్నాను. తీరా 26ఏఎస్, అంటే నా పేరున కోసిన పన్నుల జాబితా తీస్తే మార్చి క్వార్టర్‌లోనే ఈ పని మీద 18,400 టీడీఎస్ (వాళ్లు ముందే కోసి కట్టిన పన్ను) కనిపిస్తోంది. నేను బిల్లే ఇవ్వలేదు, వాళ్లు టీడీఎస్ ఎలా కోశారు? ఇప్పుడు ఆదాయం ఏ ఏడాదిలో చూపించాలి? నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

పూర్ణామార్కెట్ కొట్టు | జూన్ 7, రాత్రి 10.15

అన్నా, మా హోల్‌సేల్ కొట్టులో ముప్ఫై ఏళ్లుగా బిల్లు తేదీయే లెక్క. మా నాన్నగారి హయాం నుంచీ అంతే. ఏప్రిల్ బిల్లు అయితే ఏప్రిల్ అమ్మకమే. టీడీఎస్ ముందే కోశారంటే అది వాళ్ల పొరపాటు.

లెక్కల పుస్తకం | జూన్ 8, ఉదయం 7.05

ద్వారకానగర్‌లో 19 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఆటోనగర్ తమ్ముడికి జవాబు చెప్పే ముందు కొట్టు అన్నగారికి ఒక మాట. మీ కొట్టులో బిల్లు రాసిన రోజే సరుకు బండెక్కుతుంది. సరుకు మీ చేయి దాటి కొన్నవాడి సొత్తయ్యేది ఆ రోజే కాబట్టి బిల్లు తేదీ పట్టుకున్నా మీకు ఏనాడూ తేడా రాలేదు. కాంట్రాక్టు పని అలా కాదు. పని ఒక రోజు అవుతుంది, కొలతలు ఒక రోజు, బిల్లు ఇంకో రోజు, డబ్బు మరెప్పుడో.

ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 145 ప్రకారం వ్యాపారి రెండు పద్ధతుల్లో ఒకటి పాటించవచ్చు. డబ్బు చేతికొచ్చిన రోజు రాసుకునేది నగదు పద్ధతి. హక్కు ఏర్పడిన రోజు రాసుకునేది మర్కంటైల్ పద్ధతి. ఏది పట్టుకున్నా ఏటా అదే పాటించాలి. తమ్ముడిది మర్కంటైల్ పద్ధతి, పైగా ఆడిట్ ఉంది. కాబట్టి 2016 సెప్టెంబరులో నోటిఫై చేసిన ఐసీడీఎస్ (ఆదాయం లెక్కగట్టే) ప్రమాణాలు కూడా వర్తిస్తాయి. ఆడిట్ అక్కర్లేని సొంత వ్యాపారులకి ఆ ప్రమాణాల బాధ లేదు.

కాంట్రాక్టుల సంగతి సెక్షన్ 43సీబీలో ఉంది. పని ఎంత శాతం అయితే అంత ఆదాయం చూపించాలన్నది మూల సూత్రం. 90 రోజులు దాటని సర్వీసు కాంట్రాక్టు అయితే పని పూర్తయిన రోజు మొత్తం చూపిస్తే చాలు. మీది 39 రోజుల పని. నిర్మాణం అనుకోండి, సర్వీసు అనుకోండి, ఎటు చూసినా మార్చి 22కే నూరు శాతం పూర్తయింది. మార్చి 27న ఇంజినీరు సంతకం కూడా పడింది. ఇంక మీరు చేయాల్సింది ఏమీ మిగల్లేదు, ఆ డబ్బు అడిగే హక్కు మీకు వచ్చేసింది. బిల్లు ఆ హక్కుని కాగితం మీద పెట్టడమే. కాబట్టి 18,40,000 కూడా 2024-25 ఆదాయమే. మార్చి 31 తేదీతో "బిల్లు చేయని ఆదాయం" అని ఎంట్రీ వేయించండి. మీ టర్నోవర్ 3.21 కోట్లు కాదు, దాదాపు 3.40 కోట్లు అవుతుంది.

ఇంకో కోణం చూడండి. ఈ పనికి కొన్న ఎలక్ట్రోడ్లు, గ్యాస్ సిలిండర్లు, కూలీ అన్నీ ఫిబ్రవరి, మార్చి ఖాతాల్లోనే రాసి ఉంటారు కదా? ఖర్చు ఈ ఏడాది, ఆదాయం వచ్చే ఏడాది అంటే అధికారి కన్ను మొదట పడేది అక్కడే.

ఆటోనగర్ వెల్డింగ్ | జూన్ 8, ఉదయం 8.30

అవునండి, ఖర్చంతా రాసేశాం. ఈ ఒక్క పనికే 13 లక్షల పైన అయింది. కానీ గురువు గారూ, చేతికి రాని డబ్బు మీద పన్ను కట్టడం ఎక్కడి న్యాయం? ఏప్రిల్‌లో కూలీలకి ఇవ్వడానికి ఇంట్లో బంగారం కుదువ పెట్టాను. రిటెన్షన్ అయితే 2026లో గానీ రాదు. ఆ 1,84,000 కూడా ఇప్పుడే చూపించాలా?

లెక్కల పుస్తకం | జూన్ 8, ఉదయం 9.10

మీ బాధ నాకు తెలుసు. నా దగ్గరికొచ్చే కాంట్రాక్టర్లలో సగం మందిది ఇదే గోడు. కానీ చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. రిటెన్షన్ మీద ఒకప్పుడు కోర్టులు కాంట్రాక్టర్ల వైపే ఉండేవి. గ్యారంటీ కాలం ముగిసి, లోపాలు లేవని తేలేదాకా ఆ సొమ్ము మీద హక్కు రాదని చాలా తీర్పులొచ్చాయి. ఐసీడీఎస్‌లోని కొన్ని భాగాలని ఢిల్లీ హైకోర్టు 2017 నవంబరులో కొట్టేసింది కూడా. వెంటనే 2018 ఫైనాన్స్ చట్టంలో 43సీబీ తెచ్చారు. కాంట్రాక్టు ఆదాయంలో రిటెన్షన్ కలిసే ఉంటుందని అందులో నేరుగా రాసేశారు. వెనక తేదీ నుంచి, అంటే 2016-17 సంపాదన మీద పన్ను వేసే 2017-18 అసెస్‌మెంట్ ఏడాది నుంచే అమలన్నారు. కాబట్టి 1,84,000 కూడా ఇప్పుడే చూపించాలి.

ఎక్‌స్ట్రా పని 2,60,000 సంగతి వేరు. అవతలి వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియని క్లెయిము మీద ఇంకా హక్కు ఏర్పడలేదు. ఆ సొమ్ము రావడం ఖాయమని చెప్పగలిగి, ఎంతో కూడా తేలినప్పుడే అది ఆదాయం. ధర పెంపు క్లెయిములకి సెక్షన్ 145బీలో కూడా ఇదే మాట ఉంది, సహేతుకమైన నిశ్చయం కలిగిన ఏడాదిలోనే పన్ను. అయితే ఆ క్లెయిము మీద ఏ కాగితం నడిచిందో చూడాలి. మార్చిలోనే ఒప్పుకున్నట్టు ఏదైనా ఈమెయిల్, నోట్ ఉంటే లెక్క మారిపోతుంది. ఉన్న కాగితాలన్నీ వెతకండి.

సీతమ్మధార రిటైర్డ్ | జూన్ 8, మధ్యాహ్నం 12.20

నేను బల్లకి అవతలి వైపు ముప్ఫై రెండేళ్లు పనిచేసినవాణ్ని. ఒక సంస్థ అకౌంట్స్‌లో కాంట్రాక్టర్ల బిల్లులు చూసేవాణ్ని. బిల్లు ఇవ్వకుండా టీడీఎస్ ఎలా కోశారని బాబు అడిగాడు కదా, అది చెబుతాను.

మార్చి 31 వచ్చిందంటే మాకు రాత్రీ పగలూ ఉండదు. ఏ పనులు పూర్తయ్యాయి, ఏ ఎం.బుక్‌లు రికార్డయ్యాయి, వేటికి బిల్లు రాలేదు అని ప్రతి డిపార్ట్‌మెంటు నుంచి జాబితా తెప్పిస్తాం. వాటన్నిటికీ ఖర్చు కింద ప్రొవిజన్, అంటే ముందుగా అంచనా సొమ్ము, పెడతాం. కాంట్రాక్టరు ఖాతాలో జమ చేసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే ఆ రోజే టీడీఎస్ కోయాలి. జమ సస్పెన్స్ ఖాతాలో వేసినా కోయాల్సిందే. కాబట్టి అది వాళ్ల పొరపాటు కాదు, సక్రమంగానే చేశారు. మీ పని పూర్తయిందని వాళ్ల పుస్తకాల్లో మార్చి 31నే రాసుకున్నారు. మీ పుస్తకాల్లో లేదంటే రేపు ప్రశ్న వస్తుంది.

బాబూ, ఒక పని చెయ్యి. ఆ ఎం.బుక్ పేజీల జిరాక్స్ అడిగి తెచ్చుకో. నీ పేరున్న పేజీలు అడిగితే ఎవరూ కాదనరు. చాలామంది కాంట్రాక్టర్లు బిల్లు కాపీ దాచుకుంటారు గానీ ఎం.బుక్ కాపీ దాచుకోరు. తేదీల తగువు వచ్చినప్పుడు పనికొచ్చేది అదే.

ఆటోనగర్ వెల్డింగ్ | జూన్ 8, మధ్యాహ్నం 1.00

చాలా థాంక్స్ అండి, రేపే అడుగుతాను. అయితే జీఎస్‌టీ మాటేమిటి? ఈ బిల్లుని ఏప్రిల్ జీఎస్‌టీ రిటర్న్‌లో చూపించాం. ఆదాయపు పన్నుకి మార్చి, జీఎస్‌టీకి ఏప్రిల్ అంటే రెండింటికీ పొంతన ఉండదు కదా?

లెక్కల పుస్తకం | జూన్ 8, మధ్యాహ్నం 2.45

పొంతన ఉండనక్కర్లేదు. రెండూ వేర్వేరు చట్టాలు. సర్వీసుకి జీఎస్‌టీ బిల్లు పని పూర్తయిన 30 రోజుల్లో ఇవ్వచ్చు. మీరు 18వ రోజునే ఇచ్చారు. బిల్లు తేదీ గడువులో ఉంటే, ఆ లోపు డబ్బు రాకపోతే, జీఎస్‌టీ బాధ్యత బిల్లు తేదీనే పుడుతుంది. ఏప్రిల్ రిటర్న్‌లో చూపించడం సరైనదే, దాన్ని కదపొద్దు.

కాకపోతే శాఖ దగ్గరున్న మీ వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో జీఎస్‌టీ టర్నోవర్ ఒక అంకె కనిపిస్తుంది, ఐటీ రిటర్న్‌లో దానికన్నా 18.40 లక్షలు ఎక్కువ ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద పై గీతలో జీఎస్‌టీ టర్నోవర్, కింద "మార్చిలో పూర్తయి ఏప్రిల్‌లో బిల్లు చేసిన పని", దాని కింద మొత్తం రాసి ఆడిట్ ఫైల్లో పెట్టించండి. 2024 మార్చిలో ఇలాంటి పని ఏదైనా ఉండి, దాన్ని 2023-24లోనే చూపించి ఉంటే అది తీసేయాలి. వచ్చే ఏడాది ఇదే 18.40 లక్షలు ఆ కాగితంలో మైనస్‌గా రావాలి. అది మర్చిపోయి రెండుసార్లు పన్ను కట్టినవాళ్లని నేను చూశాను.

టీడీఎస్ 18,400 కూడా ఈ ఏడాదే వాడుకుంటారు. రూల్ 37బీఏ ప్రకారం ఆదాయం ఏ ఏడాది పన్నుకి వస్తే టీడీఎస్ జమ ఆ ఏడాదే. మీకు రెండూ ఒకే ఏడాదిలో పడ్డాయి. కొందరికి తిరగబడుతుంది. ఆదాయం ఈ ఏడాది చూపిస్తారు, కంపెనీ టీడీఎస్ వచ్చే ఏడాది కోస్తుంది. ఒకప్పుడు ఆ జమ పోయినట్టే ఉండేది. 2023 అక్టోబరు నుంచి ఫారం 71 వచ్చింది. టీడీఎస్ కోసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు ఆన్‌లైన్‌లో అడిగితే పాత ఏడాదికి జమ ఇస్తారు.

మధురవాడ కోడ్ | జూన్ 8, సాయంత్రం 5.30

మంచి చర్చ. నాది కూడా ఇలాంటి సందేహమే, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్. ఒక ఆసుపత్రికి ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇచ్చాం. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా. 12 లక్షలూ జనవరిలోనే బిల్లు చేశాం, డబ్బు కూడా వచ్చేసింది. వాళ్లు 2 శాతం, అంటే 24,000 టీడీఎస్ కోశారు. 12 లక్షలూ 2024-25 ఆదాయమేనా?

లెక్కల పుస్తకం | జూన్ 8, సాయంత్రం 6.15

కాదండి. ఆటోనగర్ తమ్ముడికి డబ్బు రాకముందే ఆదాయం వచ్చింది. మీకు డబ్బు వచ్చినా ఆదాయం ఇంకా రాలేదు. ఏడాది పొడవునా ఎన్నిసార్లు ఫోన్ వస్తుందో, ఎన్నిసార్లు వెళ్లాలో తెలియని సేవ మీది. ఇలాంటి దానికి కాలాన్ని బట్టి సమానంగా పంచమని చట్టమే చెబుతోంది. మార్చి 31కి 3 నెలలు గడిచాయి కాబట్టి 3 లక్షలు ఈ ఏడాది ఆదాయం. మిగతా 9 లక్షలు బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగానే ఉండాలి, ఎందుకంటే ఆ సేవ మీరింకా బాకీ ఉన్నారు. టీడీఎస్ కూడా అదే పాళ్లలో పంచుకోవాలి. ఈ ఏడాది 6,000 వాడుకుని 18,000 ముందుకి తీసుకెళ్లండి. రిటర్న్‌లో టీడీఎస్ షెడ్యూల్‌లో దానికి కాలమ్ ఉంది. మొత్తం 24,000 ఇప్పుడే అడిగితే నోటీసు ఖాయం.

హార్బర్ వేలం | జూన్ 8, రాత్రి 8.50

అయ్యా, ఆదాయం గురించి చెప్పారు, ఖర్చుల గురించి కూడా చెప్పండి. నేను ఫిషింగ్ హార్బర్‌లో రొయ్య, కోనెం, పీత కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకి వేస్తాను. తెల్లారి నాలుగింటికి బోట్లు ఆనతాయి. బుట్టలు దించేలోపే పాట మొదలవుద్ది. అక్కడ చెక్కులు, ఫోన్‌లో పంపించడాలు కుదరవు. కలాసీలకి అక్కడికక్కడే పంచుకోవాలి కాబట్టి డబ్బు చేతిలో పెట్టాల్సిందే. ఒక్కో లాటు 40 వేలు, 50 వేలు ఉంటది. కొత్తగా వచ్చిన ఆడిటర్ గారు "రోజుకి 10 వేలు దాటిన నగదు ఏదీ ఖర్చుగా ఒప్పుకోరు" అన్నారు. అలా అయితే నా కొనుగోలు మొత్తం ఎగిరిపోతుందండి. లాభం పట్టుమని నాలుగు శాతం ఉండదు. టెన్షన్‌తో తిండి సయించడం లేదు.

లెక్కల పుస్తకం | జూన్ 8, రాత్రి 9.40

హార్బర్ అన్నా, కంగారు పడకండి. మీ ఆడిటర్ గారు చెప్పిన నియమం ఉంది. సెక్షన్ 40ఏ(3) ప్రకారం ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం పోతుంది. లారీ కిరాయికైతే 35,000 దాకా వెసులుబాటు ఉంది. కానీ రూల్ 6డీడీలో మినహాయింపులున్నాయి. పంట పండించిన రైతుకీ, చేప పట్టినవాడికీ నేరుగా ఇచ్చిన నగదుకి ఈ పరిమితి లేదు.

ఇంకా మంచి మాట ఏమిటంటే, 2008 డిసెంబరులో పన్నుల బోర్డు సీబీడీటీ 10వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. చేప అంటే రొయ్య, పీత, కటిల్, స్క్విడ్ లాంటి సముద్రపు సరుకు కూడా అని అందులో ఉంది. ఉత్పత్తిదారు అంటే వేటకెళ్లినవాడే కాదు, ఒడ్డున సరుకు వేరు చేసి వ్యాపారులకి అమ్మే మత్స్యకారుల పెద్ద కూడా అని రాశారు. మీ హార్బర్‌లో జరిగేది సరిగ్గా అదే. కానీ మధ్యలో కొని అమ్మే దళారీకి, కమీషన్ వ్యాపారికి ఇచ్చిన నగదుకి ఈ మినహాయింపు రాదు. అమ్మినవాడు ఎవరన్నది మీరు రుజువు చేసుకోవాలి.

హార్బర్ వేలం | జూన్ 8, రాత్రి 10.05

బతికించారు. రుజువంటే మా దగ్గరున్నవి చిట్టీలండీ. సగం ఉప్పునీటికి తడిసి, ఆరిపోయి, అక్షరాలు అలికేసినట్టు ఉంటాయి. కొన్నిటి మీద చేపల పొలుసులు కూడా అంటుకుని ఉంటాయి. పేరు ఉండదు, "పెద్దోడి బోటు, టైగర్, 41 కేజీలు" అని ఉంటది అంతే.

లెక్కల పుస్తకం | జూన్ 8, రాత్రి 10.30

ఆ చిట్టీలు పారేయకండి, అవే అసలు రుజువు. వాటికి తోడు ఇంటికొచ్చాక ఒక వోచర్ రాయించండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, అమ్మిన మనిషి పేరు, ఊరు లేదా పేట, సరుకు రకం, బరువు, రేటు, మొత్తం, సంతకం లేదా వేలిముద్ర. తడి చిట్టీని దానికి పిన్ను కొట్టండి. నెలకొకసారి రాద్దామనుకుంటే కుదరదు, ఏ రోజుది ఆ రోజే రాయాలి. మీరు రోజూ కొనే బోట్లు ఓ పాతిక ఉంటాయేమో, వాళ్ల ఆధార్ కాపీలు ఒకసారి తీసి ఫైల్లో పెట్టుకుంటే చాలు.

రెండు జాగ్రత్తలు. ఈ మినహాయింపు 40ఏ(3)కి మాత్రమే. ఒకే మనిషి మీ దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే అతనికి వేరే సెక్షన్ కింద అంతకి అంత జరిమానా పడుతుంది. పెద్ద లాటు ఉన్న రోజు కొంత బ్యాంకులో వేయండి. రెండోది, నగదు చెల్లింపులు 5 శాతం దాటాయి కాబట్టి ఆడిట్ పరిమితి మీకు 10 కోట్లు కాదు, 1 కోటే.

పది చక్రాలు | జూన్ 9, ఉదయం 6.20

పోర్టు రోడ్డులో నాకు ఆరు లారీలున్నాయి. 44ఏఈ కింద, అంటే బండికింత అని లెక్కగట్టిన ఆదాయం కింద వేస్తే ఖర్చుల గొడవే ఉండదని అందరూ అంటున్నారు. నిజమేనా?

లెక్కల పుస్తకం | జూన్ 9, ఉదయం 7.00

ఖర్చులు చూపించక్కర్లేదు, నిజమే. కానీ 12 టన్నులు దాటిన బండికి స్థూల బరువు టన్నుకి నెలకి 1,000 చొప్పున ఆదాయం అనుకుంటారు. 35 టన్నుల బండి అయితే నెలకి 35,000. ఆరు బళ్లు, ఏడాది అంటే 25,20,000. బండి షెడ్డులో పడి ఉన్న నెల కూడా లెక్కే, మీ పేరున ఉంటే చాలు. అంత మిగలడం లేదంటే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించుకోండి. కిరాయికి తిప్పే లారీల మీద 30 శాతం తరుగుదల వస్తుంది, రెండూ లెక్కవేసి చూసుకోండి.

ఆటోనగర్ వెల్డింగ్ | జూన్ 9, రాత్రి 9.15

గురువు గారూ, హార్బర్ అన్న పోస్టు చూశాక నా ఖర్చులు కూడా తిరగేశాను. నాలుగు అనుమానాలున్నాయి. కూలీ మేస్త్రీ ఒకాయనకి ఏడాదిలో 4,80,000 బ్యాంకు ద్వారా ఇచ్చాను, టీడీఎస్ కోయలేదు. ఇంకో మేస్త్రీకి ఒక శనివారం 60,000 నగదు ఇచ్చాను. లేత్ షాపు వాళ్లకి జనవరి 10 నాటి టర్నింగ్ పని బిల్లు 2,35,000 ఇంకా బాకీ. ఫిబ్రవరి పీఎఫ్ మార్చి 19న కట్టాను.

లెక్కల పుస్తకం | జూన్ 10, ఉదయం 6.50

తిరగేసి మంచి పని చేశారు. ఆడిట్ రిపోర్టు అప్‌లోడ్ అయ్యాక అడిగేవాళ్లే ఎక్కువ.

మొదటి మేస్త్రీ. అంతకు ముందు ఏడాది, అంటే 2023-24లో మీ టర్నోవర్ 1 కోటి దాటి ఉంటే టీడీఎస్ కోసే బాధ్యత మీకుంది. కోయకపోతే ఖర్చులో 30 శాతం, అంటే 1,44,000 కొట్టేస్తారు. కానీ దారి మూసుకుపోలేదు. రిటర్న్ గడువులోపు 1 శాతం అంటే 4,800, దాని మీద వడ్డీ కట్టేస్తే 4,80,000 ఖర్చూ దక్కుతుంది. ఈ వారమే కట్టండి.

రెండో మేస్త్రీ 60,000. అది అతని కాంట్రాక్టు కూలీ కింద ఒక్కడి చేతికే ఇచ్చి ఉంటే మొత్తం పోయినట్టే. మీ పనివాళ్లకి పంచమని ఇచ్చి, హాజరు పట్టీ అయిన మస్టర్‌లో ఒక్కొక్కరి పేరు, రోజులు, సంతకం ఉంటే అది వాళ్ల జీతం అవుతుంది, తలకి 10,000 దాటదు కాబట్టి చిక్కు లేదు. ఏది జరిగిందో అదే చెప్పండి. ఇప్పుడు కూర్చుని మస్టర్ తయారుచేయకండి. సిరా కొత్తదా పాతదా అన్నది చూసే కళ్లుంటాయి.

లేత్ షాపు. వాళ్లకి ఉద్యం, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. ఉండి, సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే 43బీలో, 2023-24 ఆదాయానికి పన్ను వేసే 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి వచ్చిన హెచ్ క్లాజు పట్టుకుంటుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో ఇవ్వాలి. జనవరి 10 బిల్లుకి రెండు గడువులూ మార్చి 31 లోపే దాటిపోయాయి. కాబట్టి ఆ 2,35,000 ఈ ఏడాది ఖర్చు కాదు, ఎప్పుడు ఇస్తే ఆ ఏడాది ఖర్చు. ఇతర పన్నులు, బ్యాంకు వడ్డీలకైతే రిటర్న్ గడువులోపు కడితే చాలు, దీనికి ఆ వెసులుబాటు లేదు. ఆలస్యానికి ఇచ్చే వడ్డీని కూడా ఖర్చుగా ఒప్పుకోరు. తమ్ముడూ, పన్ను సంగతి పక్కన పెట్టండి. మీరు మే దాకా ఎదురు చూసి బంగారం కుదువ పెట్టారు. ఆ లేత్ షాపు వాళ్లు జనవరి నుంచి ఎదురు చూస్తున్నారు. ముందు వాళ్లకి ఇచ్చేయండి.

పీఎఫ్ విషయం బాధగానే చెప్పాలి. కూలీల జీతంలోంచి కోసిన వాటా మార్చి 15 లోపు కట్టాలి. నాలుగు రోజులు ఆలస్యమైనా ఆ ఖర్చు మినహాయింపు శాశ్వతంగా పోతుంది, కట్టిన ఏడాది కూడా రాదు. చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 12న తేల్చేసింది. 24 మందికి 1,800 చొప్పున అయితే 43,200 మీ ఆదాయానికి కలుస్తుంది. యజమాని వాటాకి ఇబ్బంది లేదు.

పూర్ణామార్కెట్ కొట్టు | జూన్ 10, మధ్యాహ్నం 3.10

నాకూ ఉద్యం ఉందండి. మరి మా సరుకు అరువు పెట్టుకున్నవాళ్లకి ఈ 45 రోజుల రూల్ చెప్పి అడగచ్చా? ఇంకోటి, ఒక హోటల్ మూసేశారు, 3,10,000 ఇక రాదు.

లెక్కల పుస్తకం | జూన్ 10, సాయంత్రం 4.00

అడగలేరన్నా. వ్యాపారులకి 2021లో ఉద్యం ఇచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రుణాల కోసం మాత్రమే. హోటల్ బాకీ అయితే ఖర్చు రాసుకోవచ్చు. ఆ సరుకు అప్పట్లో అమ్మకంగా చూపించారు కాబట్టి, ఇప్పుడు పుస్తకంలో ఆ ఖాతా నిజంగా కొట్టేస్తే చాలు. అది రాదని రుజువు చేయక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో టీఆర్ఎఫ్ కేసులో చెప్పింది. "రాకపోవచ్చు" అని ప్రొవిజన్ పెడితే మాత్రం కుదరదు.

సీతమ్మధార రిటైర్డ్ | జూన్ 10, సాయంత్రం 6.30

ఆటోనగర్ బాబు కూడా ఆ పెద్ద సంస్థని 45 రోజుల మాట అడగచ్చు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. వర్క్స్ కాంట్రాక్టులకి చిన్న సంస్థల ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్నదాని మీద కోర్టుల్లో తీర్పులు రెండు రకాలుగా ఉన్నాయి. కానీ బిల్లు మీద ఉద్యం నంబరు ముద్ర వేయించు బాబూ. ఆ ముద్ర ఉన్న బిల్లుని మా సెక్షన్‌లో విడిగా ట్రేలో పెట్టేవాళ్లం.

ఆటోనగర్ వెల్డింగ్ | జూన్ 12, రాత్రి 8.45

ఇవాళ ప్లాంటుకి వెళ్లి ఎం.బుక్ జిరాక్స్ తెచ్చుకున్నాను. మూడు పేజీలు. మొదటి రెండింటిలో స్ట్రక్చరల్ పని కొలతలు, కింద ఇంజినీరు సంతకం, నా సంతకం, మార్చి 27 తేదీ. నా బొటనవేలి గ్రీజు మరక కూడా జిరాక్స్‌లో నల్లగా పడింది. మూడో పేజీలో ఎక్‌స్ట్రా ప్లేట్ల కొలతలు పెన్సిల్‌తో ఉన్నాయి. నేను సంతకం పెట్టాను గానీ ఇంజినీరు సంతకం చోటు ఖాళీగా ఉంది. పక్కన "పై అధికారి అనుమతి రావాలి" అని రాసి ఉంది.

మా ఆడిటర్ గారికి చూపించాను. మొదటి రెండు పేజీలు 18,40,000 మార్చి ఆదాయం, మూడో పేజీ 2,60,000 ఇప్పుడు కాదు అన్నారు. ఫైల్లో మూడు పేజీలూ పెట్టించారు. టీడీఎస్ 4,800 వడ్డీతో కట్టేశాను. 60,000 మేస్త్రీ చేతికే ఇచ్చాను కాబట్టి దాన్ని ఆదాయానికి కలిపేయమన్నాను. లేత్ షాపు వాళ్లకి ఉద్యం ఉంది. సాయంత్రం వెళ్లి 2,35,000 ఆయన ఖాతాలో వేసి వచ్చాను. ఆయన లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, ఫోన్‌లో మెసేజ్ రెండుసార్లు చదువుకున్నాడు.